శాఖకో ఐటీ పెద్ద కావాలా, ఉన్న ఐటీ సెక్రటరీ చాలడా?

గోదారిగట్టు
అందరికీ నమస్కారమండి. ఓ ప్రశ్న, చాన్నాళ్లుగా బుర్రలో తిరుగుతోంది. మన దగ్గర ఐటీకి మంత్రి ఉన్నారు, సెక్రటరీ ఉన్నారు, టెక్నాలజీ సర్వీసెస్ అని కార్పొరేషన్ ఉంది, కేంద్రం వాళ్ల కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ ఉంది, ఆంధ్రాలో ఆర్టీజీఎస్ అని రియల్ టైం గవర్నెన్స్ సంస్థ ఉంది, ఇన్ని ఉన్నా మావాళ్ల ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఒకటి ఆగిపోతే ఎవర్ని అడగాలో తెలీట్లేదు. ఊళ్లో అడిగితే మండలం లాగిన్‌లో ఉందంటారు, మండలంలో అడిగితే సైటు ఓపెన్ అవ్వట్లేదంటారు, ఫోన్ చేస్తే సంబంధిత శాఖని సంప్రదించండి అంటారు. సంబంధిత శాఖ అంటే ఎవరండి బాబూ? అమెరికాలో ప్రతి శాఖకీ సీఐఓ, అంటే చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్, అని ఒకడుంటాడు, సైటు పడిపోతే ముందు వాణ్ణే నిలదీస్తారు అని విన్నా. మనకీ అలా శాఖకొకర్ని పెడితే బాగుపడుద్దా, లేక ఇంకో కుర్చీ ఇంకో ఇన్నోవా తప్ప ఏం ఉండదా? పార్టీల గొడవ వద్దండి దయచేసి, పని గురించే మాట్లాడదాం.

పాతబస్తీ_పోరడు
ఇన్నోవానే అన్నా 😂 దానికి తోడు ఓ పీఏ, ఓ కన్సల్టెంట్, నెలకో పీపీటీ.

రిటైర్డ్_సూపరింటెండెంట్
రిజిస్ట్రేషన్ శాఖలో చేసి రిటైరైన వాణ్ణి, కాబట్టి అక్కణ్నుంచే చెప్తాను. కాస్త పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

1998 నవంబర్లో ఉమ్మడి రాష్ట్రంలో కార్డ్ ప్రాజెక్టు, అంటే కంప్యూటర్లో రిజిస్ట్రేషన్లు, మొదలుపెట్టారు, 214 సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో. అంతకు ముందు దస్తావేజు మొత్తం చేత్తో పుస్తకంలో ఎక్కించేవాళ్లం. ఎక్కించిన గుమాస్తా దస్తూరి బాగోకపోతే పాతికేళ్ల తర్వాత ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసేవాడికి సర్వే నెంబర్లో అది ఒకటో ఏడో అర్థమై చచ్చేది కాదు. మార్కెట్ వాల్యూ రిజిస్టరు జనానికి కనపడేది కాదు, బేరమంతా దాని మీదే. పదమూడేళ్ల ఈసీ కావాలంటే ఇండెక్సు పుస్తకాలు ఒక్కోటీ దించి తిరగెయ్యాలి, రోజులు పట్టేది. కార్డ్ వచ్చాక అదే నిమిషాల్లో ప్రింటు తీసి ఇచ్చాం.

అసలు సంగతి ఏంటంటే దాన్ని నడిపింది ఐటీ శాఖ కాదు. రిజిస్ట్రేషన్ శాఖకి ఐజీగా, అంటే శాఖాధిపతిగా, ఉన్న జె. సత్యనారాయణ గారే భుజాన వేసుకుని నడిపారు. తర్వాత ఆయన రాష్ట్రంలో ఐటీ సెక్రటరీ అయ్యారు, కేంద్రంలో ఐటీ శాఖ సెక్రటరీ అయ్యారు, ఆధార్ సంస్థకి ఛైర్మన్ కూడా అయ్యారు, అది వేరే సంగతి. కార్డ్ నాటికి ఆయన మా బాసు. ఐజీ సర్క్యులర్ ఇస్తే సబ్ రిజిస్ట్రార్ కిక్కురుమనడు, ఎందుకంటే అతని బదిలీ, ఇంక్రిమెంటు, సస్పెన్షను అన్నీ అక్కడే. అదే సర్క్యులర్ ఐటీ సెక్రటరీ పంపితే? చూసి, ఇనీషియల్ కొట్టి, ఫైల్లో పెడతాం. కంప్యూటర్లో ఎక్కించిన దస్తావేజు చెల్లుతుందా అని కోర్టులో పేచీ రాకుండా 1999లో చట్టానికి సవరణ కూడా తెచ్చారు. ఆ అవసరం శాఖలో కూచున్నవాడికి తడుతుంది, బయటివాడికి తట్టదు.

అలాగని అంతా మారిపోలేదు లెండి. డాక్యుమెంట్ రైటర్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

కోడ్_కూలి
సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేను అవతలి పక్క, అంటే వెండర్ దగ్గర డెవలపర్‌ని, గవర్నమెంట్ ప్రాజెక్టులే చేశా. ఏ రాష్ట్రం ఏ శాఖ అనేది చెప్పను, ఉద్యోగం కావాలి.

మా కష్టం ఎలా ఉంటదో చెప్తా. టెండర్ ఒక ఆఫీసర్ టైంలో వేస్తారు, ఆర్డర్ వచ్చేసరికి ఆయన మారిపోతాడు, కొత్తాయన వచ్చి ఇదంతా ఎవడు అడిగాడు నాకు ముందు డ్యాష్‌బోర్డ్ కావాలి అంటాడు, సరే అని రంగులు రంగులుగా డ్యాష్‌బోర్డ్ చేసేలోపు గో లైవ్ డేట్ ఫిక్స్ చేస్తారు, అది టెస్టింగ్ అయ్యే డేట్ కాదు ప్రెస్ మీట్ డేట్, మేం ఇంకా టైం కావాలని మెయిల్ పెడితే రిప్లై రాదు కానీ ఫోన్ మాత్రం వస్తది. యూఏటీ సైన్ ఆఫ్, అంటే శాఖవాళ్లు వాడి చూసి బాగుందని పెట్టే సంతకం, దాని కోసం తిరగడం ఇంకో నరకం. హెచ్‌ఓడీ (శాఖాధిపతి) అంటే జేడీ (జాయింట్ డైరెక్టర్) దగ్గరికి వెళ్లమంటాడు, జేడీ అంటే సబ్జెక్ట్ సూపరింటెండెంట్ చూడాలంటాడు, సూపరింటెండెంట్ ఏమో నాకు కంప్యూటర్ రాదు బాబూ ఎన్‌ఐసీ వాళ్లని అడుగు అంటాడు, ఎన్‌ఐసీ వాళ్లు ఇది మా అప్లికేషన్ కాదు అంటారు. చివరికి ఔట్‌సోర్సింగ్ కుర్రాడొకడు జీతం పద్దెనిమిదివేలు, వాడు ఓకే అంటే మేం లైవ్ చేస్తాం. రేపు తప్పు జరిగితే అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

సో నా ఓటు సీఐఓకే. కానీ సైన్ ఆఫ్ మీద సంతకం ఆయనదై ఉండాలి, డేట్ ఆపే పవర్ కూడా ఆయనకి ఉండాలి. సైటు రెడీ కాలేదు, ప్రెస్ మీట్ వాయిదా వేయండి అని మంత్రి మొహం మీద చెప్పగలిగే పొజిషన్ ఇస్తారా? ఇవ్వరంటే ఆ పోస్టే వద్దు.

అట్లాంటా_ఆనంద్
అమెరికా మాట వచ్చింది కాబట్టి. ఇక్కడ సీఐఓ పదవి చట్టంతో వచ్చింది, 1996లో క్లింగర్ కోహెన్ చట్టం. ఫెడరల్ పెద్ద శాఖలన్నిటికీ సీఐఓ ఉండాల్సిందే అన్నారు. బాగుందా? అయినా 2013 అక్టోబర్ 1న హెల్త్ ఇన్సూరెన్స్ కొనుక్కునే సర్కారీ సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్ ఓపెన్ చేస్తే మొదటి రోజు ఎన్‌రోల్ అయింది ఆరుగురు. ఆరు లక్షలు కాదు, ఆరుగురు. యాభైకి పైగా కాంట్రాక్టర్లు తలా ఒక ముక్క చేశారు, మొత్తం కలిపి పనిచేస్తోందా లేదా అని చూసేవాడు ఒక్కడు లేడు. తర్వాత బయటి నుంచి ఇంజనీర్లని పట్టుకొచ్చి, ఒక కంపెనీని జనరల్ కాంట్రాక్టర్‌గా పెట్టి, రోజూ పొద్దున్నా సాయంత్రం మీటింగులు పెట్టి ఎక్కడ పగిలిందో వెతికి వెతికి దారికి తెచ్చారు.

ఆ దెబ్బ తర్వాత 2014 డిసెంబర్లో ఫిటారా అని ఇంకో చట్టం. అందులో అసలు మందు ఉంది, సీఐఓ ఒప్పుకోకుండా శాఖ ఐటీ బడ్జెట్ ముందుకి కదలదు, పెద్ద కాంట్రాక్టులు కూడా ఆయన చూడాలి. అంటే పేరు ఇచ్చింది 1996లో, చెక్‌బుక్ మీద చెయ్యి ఇచ్చింది 2014లో, మధ్యలో పద్దెనిమిదేళ్లు ఉత్త బోర్డు. ఇక్కడి ఆడిట్ సంస్థ జీఏఓ లెక్కలో కూడా సీఐఓలు సగటున ఉండేది రెండేళ్లు. అమెరికాలో అంతా సూపర్ అనుకోకండి.

పాతబస్తీ_పోరడు
అన్నా అమెరికా ముచ్చట బాగనే ఉంది గని మన దగ్గర ధరణి గురించి ఎవ్వరు మాట్లాడరా

నల్గొండ_రైతుబిడ్డ
నేను మాట్లాడ్త. 2020 అక్టోబర్ల తెలంగాణల భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. అదే ఏడు వీఆర్వోలను తీసేసిన్రు, రెవెన్యూ కోర్టులు తీసేసిన్రు, తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రార్ అయిండు. రిజిస్ట్రేషన్ అయిన రోజే మ్యుటేషన్ (రికార్డుల పేరు మార్పు) అయితదన్నరు, అది నిజంగనే అయింది, ఆ మంచి ఒప్పుకోవాలె. క్లియర్‌గ ఉన్న భూమికి అసలు ఇబ్బందే లేదు.

గని రికార్డుల తప్పు పడ్డదనుకో, పేరు తప్పో, విస్తీర్ణం తక్కువనో, పట్టా భూమి పోయి నిషేధిత జాబితాల పడుడో, అప్పుడు ఎవరి దగ్గరికి పోవాలె? మొదట్ల దిద్దుకునేటందుకు సాఫ్ట్‌వేర్ల జాగనే లేదు. తర్వాత ఒక్కొక్క మాడ్యూల్ ఇచ్చుకుంట పోయిన్రు. టీఎం 33 అనే తప్పులు దిద్దే దరఖాస్తు అంటె మా తాన సదువురాని ముసలాయన గూడ గుర్తుపడ్తడు, గంత ఫేమస్. అది పెట్టుకుంటె పోయేది కలెక్టర్ లాగిన్‌కు. జిల్లా మొత్తం తప్పులు ఒక్క కలెక్టర్ చూడాలె అంటె ఎట్లయితది? పక్క గట్టు ఎవరిదో తెల్సిన తహసీల్దార్‌కు పవర్ లేదు, పవర్ ఉన్న కలెక్టర్‌కు మా ఊరు తెల్వదు.

ఇప్పుడు మీ సీఐఓ ముచ్చటకొస్త. గిది సర్వర్ ప్రాబ్లం కాదు, ఎవరికి ఏ పవర్ ఇయ్యాలె అన్న కాడ పడ్డ ముడి, దాన్నే కంప్యూటర్ల గట్టిగ బిగించిన్రు. పేపర్ మీద చట్టంల సందు లేకుంటె కనీసం ఆఫీసర్ ఏదో ఒకటి రాసి ఇచ్చేటోడు, స్క్రీన్ మీద బటన్ లేకుంటె ఏం చేస్తడు? గప్పుడు సీఐఓ అనేటోడు ఉంటె ‘సార్ రికార్డులల్ల తప్పులు మస్తుగ ఉంటయి, దిద్దే దారి పెట్టకుంట లైవ్ చెయ్యొద్దు’ అని చెప్పేటోడా, చెప్పినా ఎవరన్న వింటుండెనా? నాకైతె డౌటే. ఇప్పుడు మెయింటెనెన్స్ ప్రైవేట్ కంపెనీ నుంచి ఎన్‌ఐసీ చేతికి పోయింది, 2025 ఏప్రిల్ల ధరణి జాగల భూభారతి వచ్చింది, కింది స్థాయిల అప్పీలు పెట్టిన్రు. మంచిదే, చూద్దాం.

మోడరేటర్
ఇంతవరకు చర్చ బాగుంది. ఏ ప్రభుత్వం చేసింది అనే దాని మీదకి వెళ్తే లాక్ చేస్తాను, ముందే చెప్తున్నా. రెండు కామెంట్లు తీసేశాను.

మీసేవ_అక్క
నేను సెంటర్ నడుపుతాను కాబట్టి కౌంటర్ ఇవతల కనపడేది చెప్తా, మీరంతా పైనుంచి చూస్తున్నారు.

2011లో మీసేవ మొదలైనప్పుడు సర్వీసుల్ని రెండు రకాలు చేశారు. కేటగిరీ ఏ అంటే డేటా ముందే సంతకం చేసి సర్వర్లో ఉంటది, పావుగంటలో ప్రింట్ తీసి ఇచ్చేస్తాం. కేటగిరీ బి అంటే స్కాన్ చేసి పైకి పంపాలి, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) రిపోర్ట్, డీటీ (డిప్యూటీ తహసీల్దార్), తహసీల్దార్ అలా వెళ్లి డిజిటల్ సంతకం అయ్యాక వస్తది. జనం తిట్లన్నీ బి మీదే, తిట్టేది నన్నే.

ఆ సంతకం ఎక్కడ ఆగుతదో తెల్సా? తహసీల్దార్ గారి డిజిటల్ కీ, పెన్‌డ్రైవ్ లాగా ఉంటది, అది సార్ జేబులో ఉండాలి. నేను చూసిన ఒక ఆఫీసులో అది కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులో ఉండేది, పాస్‌వర్డ్ మానిటర్ కింద చీటీ మీద. సార్ ఫీల్డ్‌కి పోతే, వీడియో కాన్ఫరెన్స్‌లో కూచుంటే, ఎలక్షన్ డ్యూటీలో ఉంటే ఆపరేటరే నొక్కేస్తాడు. ఆ ఆపరేటర్ మేనమామ కూతురు పెళ్లికి పోయినరోజు మండలంలో సంతకాల్లేవు. ఇంకోటి, సార్ ట్రాన్స్‌ఫర్ అయ్యాడనుకోండి, కొత్త సార్ పేరు మీద కొత్త కీ తియ్యాలి, అది లాగిన్‌కి మ్యాప్ చెయ్యాలి, దానికి జిల్లాకి లెటర్ రాయాలి, జిల్లా వాళ్లు పైకి పంపాలి. అది అయ్యేదాకా కాలేజీ అడ్మిషన్ పిల్లలు నా సెంటర్ మెట్ల మీద కూచుంటారు. ట్రాన్స్‌ఫర్లు ఎప్పుడు చేస్తారు? జూన్‌లో. అడ్మిషన్లు ఎప్పుడు? జూన్‌లో.

ఇది హైదరాబాద్‌లో, విజయవాడలో కూర్చున్న ఏ పెద్దసారుకైనా డ్యాష్‌బోర్డ్‌లో కనపడతదా? దాంట్లో పెండింగ్ ఎట్ తహసీల్దార్ అని వస్తది అంతే. సర్వర్ గ్రీన్‌లోనే ఉంటది.

కోడ్_కూలి
అక్కా దండం 🙏 ఆర్డర్ ఇచ్చిన రోజే కొత్త కీ యాక్టివేట్ అయ్యేలా హెచ్‌ఆర్ సిస్టమ్‌కీ సర్టిఫికెట్ సిస్టమ్‌కీ లింక్ పెట్టడం అంటే టెక్నికల్‌గా పెద్ద పనేం కాదు. కానీ హెచ్‌ఆర్ ఫైనాన్స్ వాళ్ల కింద, సర్టిఫికెట్ అప్లికేషన్ ఐటీ కింద, తహసీల్దారు రెవెన్యూ కింద. మూడు శాఖల్నీ ఒక గదిలో కూచోబెట్టేది ఎవరు? చీఫ్ సెక్రటరీ ఒక్కరే. ఆయన దగ్గరికి ఇంత చిన్న విషయం పోదు.

లండన్_లక్ష్మి
కోడ్_కూలి గారు అన్నదానికి ఇక్కడి ఉదాహరణ చెప్తానండి. బ్రిటన్‌లో 2010లో మార్తా లేన్ ఫాక్స్ అనే ఆవిడ ఒక రిపోర్ట్ ఇచ్చింది, శాఖకో వెబ్‌సైట్ మూసెయ్యండి, జనం వాడేది ఎలా ఉండాలో చెప్పే అధికారం ఒక్క చోట పెట్టండి అని. 2011లో జీడీఎస్ అని ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ పెట్టారు, 2012 అక్టోబర్లో అన్నిటికీ ఒకే సైటుగా గవ్ డాట్ యూకే వచ్చింది. వాళ్ల దగ్గర మంచి డిజైనర్లు ఉన్నారు నిజమే గానీ అసలు బలం ఎక్కడంటే వాళ్లు ఉన్నది క్యాబినెట్ ఆఫీసులో, పైన ఫ్రాన్సిస్ మాడ్ అనే మంత్రి అండ, పైగా శాఖలు ఒక హద్దు దాటి ఐటీకి ఖర్చు పెట్టాలంటే వీళ్ల అనుమతి కావాలి. ఖర్చు మీద కంట్రోల్ ఉంది కాబట్టే శాఖల వాళ్లు ఫోన్ ఎత్తేవాళ్లు.

మరి అన్నీ గెలిచారా అంటే లేదు. వెరిఫై అని అందరికీ ఒకటే లాగిన్ అన్నారు, 2020 కల్లా రెండున్నర కోట్ల మంది వాడతారన్నారు, దరిదాపుల్లోకి కూడా రాలేదు. పన్నుల శాఖ తన సొంత గేట్‌వే వదల్లేదు. అంత పెద్ద శాఖ నేను రాను అంటే సెంటర్లో ఉన్న టీమ్ ఏం చేస్తుంది? 2023లో మూసేశారు. రిటైర్డ్ గారి మాటే ఇక్కడా నిజం, లైన్ డిపార్ట్‌మెంట్ (అసలు పని చేసే శాఖ) మనసులో పెట్టుకోకపోతే పైనుంచి నెట్టలేం. కానీ లైన్ డిపార్ట్‌మెంట్‌కే వదిలేస్తే కోడ్_కూలి గారు చెప్పిన మూడు శాఖల ముడి ఎప్పటికీ విడిపోదు. ఈ రెండూ కలిపి ఎలా కట్టాలి అన్నదే అసలు ప్రశ్న అనిపిస్తోంది నాకు.

బెంగుళూరు_సీమోడు
అబ్బా అందరూ సముద్రాలు దాటి పోతాండారే, మా పక్కన కర్ణాటక ఉండాదప్పా. భూమి అని ఆడి భూ రికార్డుల ప్రాజెక్టు, 2001 నాటికి 67 లక్షల మంది రైతులవి దగ్గర దగ్గర 2 కోట్ల రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించినారు. రాజీవ్ చావ్లా అనే ఐఏఎస్ ఆయప్ప దాన్నే పట్టుకోని ఏండ్ల తరబడి ఉన్నాడు. మన కాడ ఐతే ఆపాటికి అయిదారుగురు మారిపోయి ఉందురు.

ఆయప్ప చేసిన మంచి పని ఏందంటే కౌంటర్లో ప్రింట్ వచ్చే తాలూకాలో చేత్తో రాసిన పహాణీ (భూమి రికార్డు నకలు) చెల్లదని ఆర్డరు ఏపిచ్చినాడు. దాంతో విలేజ్ అకౌంటెంట్ కాడ బేరం ఐపోయె. మ్యుటేషన్ అర్జీలు వచ్చిన వరసలోనే చూడల్ల, ముందుదాన్ని వదిలి ఎనకదాన్ని ముట్టుకోనియ్యదు సాఫ్ట్‌వేరు. ఆఫీసరు వేలిముద్ర వేస్తేనే లాగిన్. అక్క చెప్పిన సొరుగులో కీ కథ ఆ కాలంలోనే వీళ్లకు తట్టినట్టుంది సూడు.

ఇంగోటి సకాల, గడువులోపల సేవ ఇయ్యల్లనే కర్ణాటక చట్టం. లేటైతే రోజుకి 20 రూపాయలు, 500 దాకా, అర్జీదారుకి ఇయ్యల్ల, అది ఆ ఉద్యోగి జీతంలో కోత. ఇరవై రూపాయలు ఏం లెక్కలే అనుకుంటారు కానీ ఎవరి కాడ ఎన్నిరోజులు ఆగిందో కంప్యూటర్ పేరుతో సహా చూపిచ్చాది, అదీ వాళ్లకు భయం.

రిటైర్డ్_సూపరింటెండెంట్
సీమ తమ్ముడు అసలు నరం పట్టుకున్నాడు. అధికారిని ఒకచోట కుదురుగా ఉండనివ్వాలి. 2013లో టీఎస్‌ఆర్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అధికారులకి కనీస పదవీకాలం ఉండాలని. మరుసటి ఏడు ఐఏఎస్ కేడర్ రూల్స్‌లో రెండేళ్లు అని రాశారు. రాశారు, అంతవరకే. ఏ ప్రభుత్వమైనా వచ్చిన వారంలో బదిలీల జాబితా ఇస్తుంది, ఇది అందరికీ తెలిసిందే.

అందుకే నా అభిప్రాయం సీఐఓ ఐఏఎస్ కానక్కర్లేదు. శాఖలోనే పదిహేనేళ్లు నలిగిన జాయింట్ డైరెక్టర్ స్థాయి మనిషిని తీసుకుని, ఏడాది చదివించి, అయిదేళ్లకి తక్కువ కాకుండా కూచోబెట్టండి. కోడింగ్ రాకపోయినా పర్లేదు. ఏ ఫారం ఎందుకు పుట్టిందో, ఏ కాలమ్ ఎవరికీ అక్కర్లేదో తెలిసినవాడు కావాలి.

కోడ్_కూలి
సార్ ఇక్కడ మాత్రం మీతో ఒప్పుకోను. ఏడాది కోర్సు చేసిన జేడీ గారి ముందు వెండర్ కంపెనీ సేల్స్ వాళ్లు బ్లాక్‌చెయిన్, ఏఐ అని నాలుగు స్లైడ్లు వేస్తే ఊ కొట్టేస్తారు. నేను ఆ గదిలో కూచున్నా కదా, చూశా. పది రూపాయల పనికి వంద కోట్ చేసినా పట్టుకునేవాడు లేడు. ఆయన పక్కన గట్టి ఆర్కిటెక్ట్ ఒకడు, గవర్నమెంట్ పేరోల్ మీద, బయటి మార్కెట్ జీతంతో ఉండాలి. మన రూల్స్‌లో ఆ జీతం ఇవ్వలేరు కాబట్టి కన్సల్టెంట్‌ని పెడతారు, కన్సల్టెంట్ కంపెనీయే టెండర్ రాస్తుంది. ఎవరికి అనుకూలంగా రాస్తుందో చెప్పక్కర్లేదు.

2011లో ఆధార్ నీలేకని గారు పెద్ద ఐటీ ప్రాజెక్టుల మీద ఇచ్చిన టాగప్ రిపోర్ట్‌లో ఈ గొడవే ఉంది, పెద్ద ప్రాజెక్టులకి అంకితమైన లీడరు, టీము ఉండాలని, ఆ టీముకి బయటివాళ్లని తెచ్చుకునే వెసులుబాటు ఉండాలని. జీఎస్‌టీ కంప్యూటర్ వ్యవస్థ నడిపే జీఎస్‌టీఎన్ ఆ మోడల్‌లోనే 2013లో కంపెనీగా పెట్టారు, మొదట్లో 51 శాతం ప్రైవేటు ఆర్థిక సంస్థలది, 2018లో పూర్తిగా ప్రభుత్వానిదే చెయ్యాలని నిర్ణయించారు. రాష్ట్ర శాఖల దాకా ఆ ఆలోచన దిగలేదు.

సచివాలయం_డిజిటల్_అసిస్టెంట్
పేరు పెట్టకుండా రాస్తున్నాను. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి, నేను మొదటి నోటిఫికేషన్‌లోనే సెలెక్ట్ అయ్యాను. ఊళ్లోనే ఆఫీసు ఉండటం వల్ల మంచి జరిగిందండి, ముసలివాళ్లు మండలం దాకా బస్సెక్కి పోనక్కర్లేదు, అది కాదనలేం.

కానీ లీడర్‌షిప్ అన్నారు కాబట్టి చెప్తున్నా. నాకు బాసులు ఎంతమంది అంటే, పోస్టు ప్రకారం పంచాయతీ సెక్రటరీ గ్రేడ్ 6 డిజిటల్ అసిస్టెంట్, అప్పజెప్పే పని రెవెన్యూది, పెన్షన్లది, పౌరసరఫరాలది, సర్వేలు వస్తే అవీ, వాట్సాప్ గ్రూపులో ఉదయం ఒక శాఖ నుంచి ఈరోజే పూర్తి చెయ్యాలి అని వస్తది, మధ్యాహ్నం ఇంకో శాఖ నుంచి అదే మాట. ప్రతి శాఖకీ ఒక యాప్, ఒక లాగిన్, కొన్నిటికి ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు), ఒకే మనిషి వేలిముద్ర ఒకే వారంలో రెండు మూడు యాప్స్‌లో తీసుకున్నాం. కూలి పనులు చేసేవాళ్ల వేళ్లు అరిగిపోయి పడవు, అప్పుడు ఐరిస్, అదీ పడకపోతే నన్ను తిడతారు. శాఖకో సీఐఓ అంటే శాఖకో కొత్త యాప్ వస్తదేమో అని నాకు భయంగా ఉంది నిజం చెప్పాలంటే. ప్రతి సీఐఓ తన ముద్ర వేసుకోవాలి కదా.

గోదారిగట్టు
డిజిటల్ అసిస్టెంట్ గారూ మీరు రాయడం మంచిదైంది. మన మిత్ర గురించి కూడా చెప్పండి, 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో మొదలెట్టేరు, ఇంటర్ రిజల్ట్స్ కూడా అందులోనే వచ్చేయి, మా అమ్మాయి మార్కులు నేను అందులోనే చూసేను. దానివల్ల మీ మీద లోడు తగ్గిందా?

సచివాలయం_డిజిటల్_అసిస్టెంట్
బిల్లులు కట్టేవి, హాల్ టికెట్లు, గుడి టికెట్లు, రిజల్ట్స్ లాంటివి నిజంగా తగ్గాయండి. వాటికి మనిషి చూడక్కర్లేదు. ఎంక్వైరీ అవసరమైనవి వాట్సాప్‌లో పెట్టినా చివరికి వచ్చేది వీఆర్వో గారి లాగిన్‌కీ ఆర్‌ఐ గారి లాగిన్‌కే. ముందు తలుపు పెద్దదైంది, లోపల కూచున్నవాళ్లు అంతమందే. పైగా అప్లికేషన్లో ఫోటో వంకరగా తీసి పెడతారు, మళ్లీ మేమే ఫోన్ చేసి పిలిపిస్తాం.

లండన్_లక్ష్మి
అంటే అప్లికేషన్ తీసుకోవడం ఒకరి చేతిలో, తేల్చడం ఇంకొకరి చేతిలో. ఇలాంటప్పుడు ఎంక్వైరీ అసలు ఎందుకు అని అడిగే హక్కు ఎవరికి ఉంది? కులం మారదు కదా, ఒకసారి తేల్చి రికార్డులో పెట్టాక ప్రతి ఏడూ ఆర్‌ఐ ఎందుకు చూడాలి?

మీసేవ_అక్క
అది కొన్నిటికి చేశారమ్మా, పాత కుల సర్టిఫికెట్ ఉంటే ఆ నెంబర్‌తో మళ్లీ ప్రింట్ ఇచ్చే వీలు మీసేవలో పెట్టారు, కేటగిరీ ఏ లోకి వచ్చింది. దానికి కంప్యూటర్ మార్చక్కర్లేదు, రెవెన్యూ వాళ్లు ఒక మెమో ఇస్తే సరిపోయింది. కానీ కాలేజీల వాళ్లు మాత్రం ఆర్నెల్ల లోపు తీసిందే తెమ్మంటారు, వాళ్లకి ఎవరు చెప్పాలి మరి.

అట్లాంటా_ఆనంద్
నాకు ఇప్పటిదాకా అర్థమైన దాంట్లో, సీఐఓకి ఇలా ఫారాలు కొట్టేసే అధికారం ఇవ్వాలి. సర్వర్లు కొనే అధికారం కన్నా అదే ముఖ్యం. ఇండియాలో మొత్తం సర్వీసు ఒకరి చేతిలో ఉండి నడిచిన మంచి ఎగ్జాంపుల్ ఏదైనా ఉందా?

రిటైర్డ్_సూపరింటెండెంట్
పాస్‌పోర్ట్ సేవ. 2010 మేలో బెంగళూరులో పైలట్, 2012 కల్లా దేశమంతా 77 కేంద్రాలు. టీసీఎస్ వాళ్లు నడుపుతారు గానీ లోపలికి వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు, ఏ కౌంటర్లో ఫోటో తీసి కాయితాలు స్కాన్ చేసేది కంపెనీ వాళ్లు, బీ లో పత్రాలు సరిచూసేది, సీ లో మంజూరు చేసేది సర్కారు ఉద్యోగులు. విదేశాంగ శాఖ ఏది వదలాలో ఏది వదలకూడదో ముందే తేల్చుకుంది. కంపెనీకి డబ్బు అప్లికేషన్ లెక్కన, దానికి సర్వీస్ స్థాయి షరతులు. కంప్యూటర్లు సప్లై చేసి బిల్లు పెట్టుకుని పోయే కాంట్రాక్టు కాదు.

అక్కడ కూడా చివరిదాకా ఆగింది ఎక్కడంటే పోలీస్ వెరిఫికేషన్. అది రాష్ట్రానిది. తెలంగాణ పోలీసులు ట్యాబులు, వెరిఫాస్ట్ యాప్ పెట్టుకుని ఆ రోజులు బాగా తగ్గించారు. ఇద్దరు యజమానులు ఉన్నచోట ఇద్దరూ కదలాలి మరి.

పాతబస్తీ_పోరడు
పాస్‌పోర్ట్ ముచ్చట నిజం సార్, మా చాచా గల్ఫ్ పోయేటప్పుడు పోలీసాయన ఇంటికే వచ్చి ఫోటో కొట్టుకోని పోయిండు, చాయ్ గూడ తాగలే. గని పాస్‌పోర్ట్‌కు ఫీజు పదిహేను వందలు కడ్తున్నం. ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కు గంత ఎవరు కడ్తరు? పైసలున్న సర్వీసు బాగైతది, లేనోడి సర్వీసు గట్లనే ఉంటది.

కోడ్_కూలి
వాలిడ్ పాయింట్. అందుకే రాష్ట్రాల్లో సర్టిఫికెట్లకి ట్రాన్సాక్షన్ మోడల్ పెడితే కంపెనీలు రావు, వస్తే ఏజెన్సీల్ని పిండుతాయి.

బెంగుళూరు_సీమోడు
ఇంగో డౌటు. కంపెనీ కాంట్రాక్టు ఐపోయినాక డేటా, కోడు ఎవరివి? సీఐఓ అనేటోడు ఉంటే వాని మొదటి పని ఇదే గదా. నాకు తెలిసిన ఒక ఆఫీసులో కంపెనీ పోయినాక పాస్‌వర్డులు కూడా దొరకలే.

కోడ్_కూలి
అగ్రిమెంట్‌లో ఎగ్జిట్ మేనేజ్‌మెంట్ అని ఒక షెడ్యూల్ ఉంటుంది, ఎక్కువమంది చదవరు. సోర్స్ కోడ్, డేటాబేస్ స్ట్రక్చర్, సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డులు, డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, ఎస్‌ఎంఎస్ గేట్‌వే అకౌంట్ ఎవరిది, అన్నీ లిస్ట్ ఉండాలి. పేపర్ మీద కోడ్ గవర్నమెంట్‌దే అని రాసి ఉంటది, కానీ సీడీలో ఇచ్చిన కోడ్ కంపైల్ చేసి, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చి, చూసినవాడు ఉండడు, లైవ్‌లో నడిచే వెర్షన్ వేరే ఉంటది.

రిటైర్డ్_సూపరింటెండెంట్
కంపైల్ చేసి చూడటం అనేది చివరి బిల్లు ఇచ్చే ముందు తప్పనిసరి అని పెట్టొచ్చా? ఎవరు చెయ్యాలి అది, ఎన్‌ఐసీయా?

కోడ్_కూలి
చివరి బిల్లుకి కాదు సార్, అప్పటికి కంపెనీకి రావాల్సింది ఎంతో ఉండదు, వదులుకుని పోతుంది. ప్రతి మైలురాయి బిల్లుకీ పెట్టాలి. ఎన్‌ఐసీ అవసరం లేదు, శాఖ దగ్గర ఖాళీ సర్వర్ ఒకటి, తెలిసిన మనిషి ఒకడు చాలు, వెండర్ వాళ్లు చేయి పెట్టకుండా వాడే కోడ్ ఎక్కించి అప్లికేషన్ ఓపెన్ అయ్యిందా లేదా చూసి సంతకం పెట్టాలి. నేను చేసిన ప్రాజెక్టుల్లో ఒక్కదాంట్లోనే అలా అడిగారు, అడిగింది ఐఏఎస్ కాదు, పాత ఈసీఐఎల్ ఇంజనీర్ ఒకాయన డిప్యుటేషన్ మీద ఉండేవాడు. మా టీం మొత్తం రెండు రాత్రులు నిద్రపోలేదు, ఎందుకంటే ఎక్కలేదు.

పాతబస్తీ_పోరడు
😂😂 ఆయన ఇప్పుడు యాడున్నడు అన్నా

కోడ్_కూలి
ట్రాన్స్‌ఫర్.